తిట్టకుండా తలుపు మూస్తే నేరం కాదా?

లాలాపేటలో అద్దెకు ఇల్లు వెదికేవారిని ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, నీళ్లు ఎక్కువ వాడతారా అని అడిగాక, గొంతు కొంచెం తగ్గించి మరో ప్రశ్న వేస్తారు: ‘‘మీరు ఏమిట్లు?’’ కొందరు అంత సూటిగా అడగరు. మనం ఇంటి పేరును ఒక ఇంగ్లీషు అక్షరంగా కుదించి పేరుకు ముందు పెట్టుకుంటాం గనుక, ‘‘ఆ ‘జి’ అంటే ఏమిటి?’’ అని ఆరా తీస్తారు. ఇంటి పేరుతో తేలకపోతే ఏ ఊరు అంటారు, ఊళ్లో ఏ వైపు అంటారు. అదీ చాలకపోతే నీసు వండుతారా, పెద్దకూర తింటారా అన్న దాకా వస్తారు. ఆ తరువాతి జవాబు మాత్రం మర్యాదగానే ఉంటుంది. ‘‘మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడండీ, ఇల్లు మేమే ఉంచుకుంటున్నాం.’’ లేదా, ‘‘నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారు.’’ టులెట్ బోర్డు మరో వారం కూడా గేటుకు వేలాడుతూనే ఉంటుంది.

లాలాపేటనే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఒక వైపు నిజాం కాలం నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మరో వైపు విజయ డెయిరీ, అవతల నాచారం పారిశ్రామికవాడ, దగ్గరలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. కార్మికులు, చిరుద్యోగులు, పోటీ పరీక్షలకు చదివేవారు, పరిశోధక విద్యార్థులు అందరూ లాలాపేట, తార్నాక, హబ్సిగూడ, మల్లాపూర్ గల్లీల్లోనే రెండు గదుల పోర్షన్ల కోసం తిరుగుతారు. సంపన్నుల గేటెడ్ కమ్యూనిటీల్లో వివక్షకు డబ్బు అనే ముసుగైనా ఉంటుంది. ఇక్కడ చాలాచోట్ల యజమానికీ అద్దెకు వచ్చేవారికీ ఆదాయంలో పెద్ద తేడా ఉండదు. ఇద్దరూ నెల జీతం మీద బతికేవారే. అయినా ఒకరు మెట్ల దగ్గరే ఆగిపోతున్నారంటే వారిని ఆపుతున్నది డబ్బు కాదు. హైదరాబాద్‌తో సహా ఏడు మహానగరాల 2001 జనగణన లెక్కలను పరిశీలించి త్రినా వితయతిల్, గాయత్రి సింగ్ 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం తేల్చిందీ ఇదే. మన నగరాల్లో నివాసాలు ఆర్థిక స్థాయిని బట్టి కంటే కులాన్ని బట్టే ఎక్కువగా విడిపోయి ఉన్నాయి.

నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక దళిత విద్యార్థినికి నిరుడు ఈ అనుభవమే ఎదురైంది. ఫోన్‌లో అద్దె ఖరారైంది. ఇల్లు చూసి వచ్చింది. అడ్వాన్స్ పంపడానికి నంబరు కూడా తీసుకుంది. సాయంత్రం కులం అడిగారు, దాచకుండా చెప్పింది. రాత్రికి ‘ఇల్లు ఇవ్వడం లేదు’ అని మెసేజ్ వచ్చింది. మరునాడు ఆమె స్నేహితురాలు, ఇంటి పేరు వినగానే అగ్రకులమని తెలిసే అమ్మాయి, అదే నంబరుకు ఫోన్ చేస్తే ‘‘ఖాళీగానే ఉంది, వచ్చి చూసుకోండి’’ అన్నారు. ఇద్దరూ కలిసి ఠాణాకు వెళ్లారు. అక్కడి అధికారి దురుసుగా ఏమీ మాట్లాడలేదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు, అంతా విని ఒకే ఒక ప్రశ్న వేశాడు: ‘‘కులం పేరుతో తిట్టిండ్రా అమ్మా?’’ లేదంది. ‘‘మరి కేసెట్లయితది? వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం.’’

ఈ మాట ఆ అధికారి ఒక్కడిదే కాదు. చదువుకున్నవారు, కొందరు న్యాయవాదులు కూడా ఇదే అంటారు. దీనికి కారణం లేకపోలేదు. కులవివక్ష అనగానే పోలీసులకూ బాధితులకూ గుర్తొచ్చే చట్టం ఒక్కటే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. అందులోనూ గుర్తొచ్చేవి సెక్షన్ 3(1)లోని ఆర్, ఎస్ నిబంధనలు. నలుగురి కంటపడే చోట కావాలని అవమానించడం, కులం పేరుతో దూషించడం వాటి విషయం. అద్దె సంభాషణలు నలుగురి ఎదుట జరగవు. హాల్లో, మెట్ల మీద, ఫోన్‌లో జరుగుతాయి. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాట ఈ నిబంధన కిందికి రాదని హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఇంటి గేటు దగ్గర అన్న మాట వస్తుందని స్వరణ్ సింగ్ కేసులో 2008లోనే చెప్పి ఉంది. రెండు తీర్పులనూ కలిపి చదివితే, గేటు దగ్గర నిలబెట్టి తిడితే నేరం, లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చి ‘మీకు ఇవ్వం’ అంటే కాదు అన్న వింత తేలుతుంది. కులం మర్యాద నేర్చుకుంది, చట్టం ఇంకా బూతుల కోసం వెదుకుతోంది.

అలాగని ఈ చట్టంలో ఇంటి ఊసే లేదనుకోవడం పొరపాటు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల తరువాత సెక్షన్ 3(1)లో మనకు పనికొచ్చేవి మూడున్నాయి. ఎస్సీ, ఎస్టీల భూమిని గానీ ఆవరణను గానీ అన్యాయంగా లాక్కోవడం, వారు దాన్ని అనుభవించకుండా అడ్డుపడటం ‘జి’ కింద నేరం. ఇల్లు, ఊరు, నివాసం విడిచిపోయేలా చేయడం ‘జెడ్’ కింద నేరం. సాంఘిక, ఆర్థిక బహిష్కారం విధించడం, విధిస్తామని బెదిరించడం ‘జెడ్ సి’ కింద నేరం. ఇంట్లో చేరాక కులం తెలిసి ఖాళీ చేయమన్నా, నీళ్లు ఆపినా, వంట మీద వంకపెట్టి వేధించినా మొదటి రెండింటినీ ఆధారంగా చూపవచ్చు. ఆర్థిక బహిష్కారానికి చట్టం ఇచ్చిన నిర్వచనం ఇంకా విస్తృతమైనది. మామూలుగా ఏ షరతుల మీద లావాదేవీ జరుగుతుందో ఆ షరతుల మీద జరపడానికి నిరాకరించడం కూడా బహిష్కారమే. టులెట్ బోర్డు పెట్టి, అద్దె చెప్పి, కులం తెలియగానే వెనక్కి తగ్గడం దీని కిందికి ఎందుకు రాదు? ఈ వాదనను ఠాణాల్లో గట్టిగా వినిపించాల్సి ఉంది.

అయితే అసలు మరుగున పడింది ఇంకో చట్టం. 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్నది. దాని నాలుగో సెక్షన్‌లో దుకాణం, హోటల్, బావి, శ్మశానం, బస్సు వంటి వాటితో పాటు ఎనిమిదో ఉపనిబంధనగా ఏ ప్రాంతంలోనైనా సరే నివాస గృహాన్ని కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో నివసించడం అన్నవి ఉన్నాయి. అంటరానితనం కారణంగా వీటికి అడ్డుపడితే నేరం. అదే చట్టంలోని ఏడో సెక్షన్ బహిష్కారం అంటే ఏమిటో వివరిస్తూ, ఇల్లు అద్దెకు ఇవ్వడానికి నిరాకరించడాన్ని మొదటి ఉదాహరణల్లోనే చెప్పింది. ‘వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం’ అన్న వాదనకు దేశం ఏనాడో ఇచ్చిన సమాధానం ఇది.

ఇంకా విలువైనది పన్నెండో సెక్షన్. నేరంగా చెప్పిన పని షెడ్యూల్డ్ కులానికి చెందిన వ్యక్తి పట్ల జరిగిందని తేలితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవలసిన భారం నిందితుడిది. అద్దె కేసుల్లో అందరూ చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే. మనసులో ఏముందో ఎలా రుజువు చేస్తాం అంటారు. ఈ చట్టం ఆ భారాన్ని బాధితురాలి మీద పెట్టలేదు. నిరాకరణ జరిగిందని, తాను షెడ్యూల్డ్ కులమని ఆమె చూపితే, ‘అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు’ అన్నది నిజమేనని చూపవలసింది యజమాని. ఈ చట్టం కింద బోరుబావి నీళ్లకు అడ్డుపడిన కేసు ఒకటి కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. హైకోర్టు కొట్టేసిన శిక్షను 1992లో పునరుద్ధరించిన ఆ తీర్పులో విడిగా సుదీర్ఘ అభిప్రాయం రాసినది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి అక్కడికి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. మన న్యాయ కళాశాలల్లో రాజ్యాంగం 17వ అధికరణ పాఠంలో దాన్ని చెబుతారు. ఠాణా గోడ మీద మాత్రం ఎవరూ అంటించరు.

ఇక ఫిర్యాదు రాసే పద్ధతి. విద్యార్థులు రాసుకొచ్చే ఫిర్యాదుల్లో బాధ ఉంటుంది, తేదీలు ఉండవు. ఏ రోజు ఏ సమయానికి ఎవరు ఫోన్ చేశారు, అద్దె ఎంత చెప్పారు, కులం గురించి ఏ మాటతో అడిగారు, ఎన్ని గంటలకు కాదన్నారు, ఆ తరువాత ఇల్లు ఖాళీగా ఉందనడానికి ఆధారం ఏమిటి అన్నవి వరుసగా రాయాలి. కులం అడగడమే యజమానికి కులం తెలుసుననడానికి సాక్ష్యం కాబట్టి ఆ మాటను ఉన్నదున్నట్టు రాయాలి. టులెట్ బోర్డు ఫొటో తేదీతో తీసిపెట్టుకోవాలి. వాట్సాప్ సందేశాలు చెరిపేయకూడదు. వాటిని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. ఇల్లు చూపిన బ్రోకరు, మరునాడు ఫోన్ చేసిన స్నేహితురాలు సాక్షులే. కుల ధ్రువపత్రం జతచేయాలి. చివర రెండు చట్టాల సెక్షన్లూ రాయాలి. అత్యాచారాల నిరోధక చట్టం ఒక్కటే రాసి, అందులో దూషణ లేదంటూ ఫిర్యాదును పక్కన పెట్టే అవకాశం ఇవ్వకూడదు.

లాలాపేటలో రోడ్డుకు ఇవతల ఒక ఠాణా, అవతల మరో ఠాణా. ‘ఇది మా పరిధి కాదు’ అన్న మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయాలి. అదే సెక్షన్‌లో, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చన్న కొత్త వెసులుబాటు ఉంది. అట్రాసిటీ ఫిర్యాదులకు దాన్ని వాడటానికి వీల్లేదు. 2018 సవరణతో వచ్చిన సెక్షన్ 18ఎ, ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కరలేదని స్పష్టంగా చెప్పింది. ఫిర్యాదు రాసుకుని, చదివి వినిపించి, ప్రతి ఇవ్వడం అధికారి విధి. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఆ విధిని విస్మరిస్తే సెక్షన్ 4 కింద అది నేరం. పౌరహక్కుల చట్టంలోనూ దర్యాప్తును కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగిని నేరానికి తోడ్పడినవాడిగా చూస్తారు. ఠాణాలో తీసుకోకపోతే డీసీపీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటు ముందు సెక్షన్ 175(3) కింద దరఖాస్తు చేయవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. అత్యాచారాల ఫిర్యాదులకు 14566 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. పౌరహక్కుల చట్టం కింది ఇటువంటి నేరాలకు గరిష్ఠ శిక్ష ఆరు నెలలే కాబట్టి కోర్టు కేసును స్వీకరించడానికి గడువు ఏడాది. పరీక్షలయ్యాక చూద్దాం అనుకునే విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి.

పౌరహక్కుల చట్టం సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. 1976లో నిర్ణయించిన శిక్షలు నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. లాలాపేటలో ఆ జరిమానాకు ఒక్క రోజు అద్దె కూడా రాకపోవచ్చు. అట్రాసిటీ కేసులో ఉన్నట్టు బాధితులకు దశలవారీగా నష్టపరిహారం ఇందులో లేదు. వాడకమంటారా, జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో షెడ్యూల్డ్ కులాల విషయంలో దేశం మొత్తం మీద ఈ చట్టం కింద నమోదైన కేసులు 13. అంటరానితనం పోయింది కాబట్టి కేసులు లేవని అధికారులు చెప్పుకోవచ్చు. ఇళ్ల వేటలో తిరిగినవారెవరూ దాన్ని నమ్మరు.

అయినా ఈ పాత చట్టానికి కొత్తదానిలో లేని ఒక గుణం ఉంది. అత్యాచారాల నిరోధక చట్టంలో నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి, బాధితుడు ఎస్సీ, ఎస్టీ అయి ఉండాలి. పౌరహక్కుల చట్టం ‘ఎవరైనా’ అంటుంది, ‘ఏ వ్యక్తి పట్లనైనా’ అంటుంది. రైల్వే క్వార్టర్ల చుట్టూ తరాలుగా బతుకుతున్న దళిత క్రైస్తవుల సంగతి తీసుకోండి. మతం మారితే అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఇల్లు ఇవ్వని యజమాని మాత్రం చర్చి చూసి ఆగడు, తాతల వాడ దాకా వెళతాడు. పన్నెండో సెక్షన్ ఇచ్చే వెసులుబాటు వారికి దొరకదు, అంటరానితనమే కారణమని వారే నిరూపించుకోవాలి. కానీ నాలుగో సెక్షన్ తలుపు వారికీ తెరిచే ఉంది. ఉపకులాల మధ్య వివక్షకూ అంతే. వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమల్లోకి వచ్చాక ఉద్యోగాల వాటాల గురించి ఎంతో మాట్లాడుకున్నాం. ఒక దళిత యజమాని, తన కంటే కింద అనుకున్న మరో దళిత కుటుంబానికి పోర్షన్ ఇవ్వకపోవడం గురించి మాట్లాడుకోలేదు. అది అట్రాసిటీ కేసు కాదు. పౌరహక్కుల చట్టం కింద నేరం కాగలదు. ముస్లింలకు అంటరానితనాన్ని దాటిన వేరే వివక్ష ఎదురవుతుంది. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో దళితుల కంటే ముస్లింలకే ఎక్కువ తిరస్కారాలు ఎదురయ్యాయి. వారికి ఈ రెండు చట్టాల్లో ఏదీ అక్కరకు రాదు.

అద్దె చట్టం ఉంది కదా అని కొందరు అడుగుతారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంట్లో చేరినవారి గురించి మాట్లాడుతుంది, గేటు బయట నిలబడినవారి గురించి కాదు. పైగా నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెకు 2005 సవరణ తరువాత అది వర్తించదు. ఆ ధరకు లాలాపేటలో రేకుల గది దొరికితే అదృష్టం. బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద సివిల్ కోర్టుకు వెళ్లి ఇంటిని తిరిగి పొందవచ్చు. అది కులం ఊసెత్తని దారి, కొన్నిసార్లు అదే త్వరగా పని చేస్తుంది.

రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లో వివక్షను నిషేధించింది. అద్దె ఇంటి పేరు ఎత్తలేదు. ఒక్క రాత్రి లాడ్జి గదికి ఉన్న రాజ్యాంగ రక్షణ పదకొండు నెలల అద్దె ఒప్పందానికి అంత స్పష్టంగా లేదు. ఆ రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన అంబేడ్కర్ 1917లో కొలంబియా, లండన్‌లలో చదివి బరోడాకు ఉద్యోగానికి వెళితే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో చేరారు. సంగతి తెలిసి కర్రలతో వచ్చినవారు ఆయన్ను వెళ్లగొట్టారు. స్నేహితులూ ఇంట్లోకి రానివ్వలేదు. పబ్లిక్ గార్డెన్‌లో గంటల తరబడి కూర్చుని బొంబాయి రైలెక్కారు. కులం బట్టి వాసయోగ్యత తేల్చే సంస్థలకు ఆ తరువాత కోర్టుల మద్దతు కూడా కొంత దొరికింది. ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2005లో తీర్పు ఇచ్చింది. మైనారిటీ సంఘం విషయంలో ఇచ్చిన ఆ తీర్పు కులాల పేరుతో కట్టే కాలనీలకు కవచంగా మారే ప్రమాదం ఉంది.

ఇక్కడ చట్టం కాగితం మీద ఉండగా, తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న అమెరికాలోని సియాటిల్ నగర మండలి 2023 ఫిబ్రవరి 21న వివక్ష నిషేధ జాబితాలో కులాన్ని చేర్చింది. ఉద్యోగాలతో పాటు ఇళ్లకూ అది వర్తిస్తుంది. ఫిర్యాదు తీసుకోవడానికి నగర పౌరహక్కుల కార్యాలయం ఉంది. అంటే లాలాపేటలో ఇల్లు దొరకని అమ్మాయి సియాటిల్ వెళ్లి, అక్కడ ఒక తెలుగు యజమాని ఇల్లు కాదంటే, ఆమె ఫిర్యాదు వినడానికి ఒక బల్ల, ఒక ఉద్యోగి ఉంటారు. 1968 నాటి అమెరికా గృహ వివక్ష చట్టాన్ని బతికించింది శిక్షల కఠినత్వం కాదు, పరీక్షకులు. ఒక నల్లజాతి వ్యక్తిని, ఒక తెల్లజాతి వ్యక్తిని ఒకే ఇంటికి పంపి ఎవరికి ఏ జవాబు వచ్చిందో రాసుకుంటారు. ఇల్లు తీసుకునే ఉద్దేశం లేకుండా పరీక్ష కోసమే వెళ్లినా, అబద్ధం చెబితే దావా వేసే హక్కు ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. నా విద్యార్థిని స్నేహితురాలు చేసింది అదే పని, పేరు మాత్రం ఆమెకు తెలియదు. మన దగ్గర ఎస్సీ, ఎస్టీ కమిషన్ గానీ విశ్వవిద్యాలయాల సమాన అవకాశాల విభాగాలు గానీ ఏడాదికోసారి ఇటువంటి పరీక్ష జరిపి ఫలితాలను పోలీసులకు ఇస్తే కేసులకు ఆధారం దొరుకుతుంది. ఇళ్లలో వివక్షకు సివిల్ పరిష్కారం చూపే వివక్ష వ్యతిరేక బిల్లును శశి థరూర్ 2017లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లుగా పెట్టారు. అది చట్టం కాలేదు. రాష్ట్ర శాసనసభ అటువంటిది చేయడానికి ప్రయత్నించవచ్చు, చేసేదాకా ఉన్నదాన్ని వాడుకోవాలి.

ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం జరుపుతారు. తహసీల్దారు, ఎస్సై ఏదో ఒక ఊరికి వెళ్లి రెండు గ్లాసుల పద్ధతి, గుడి ప్రవేశం గురించి మాట్లాడి వస్తారు. ఆ సభ ఒకసారి లాలాపేటలోనో తార్నాకలోనో పెట్టి, ఇళ్ల యజమానులను, బ్రోకర్లను, అపార్టుమెంటు సంఘాల కార్యదర్శులను పిలిచి, నాలుగో సెక్షన్‌లోని ఎనిమిదో ఉపనిబంధనను, పన్నెండో సెక్షన్‌ను చదివి వినిపించడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఏసీపీ సంతకంతో ఒక్క మెమో చాలు.